ధ ఎందుకు ద లాగా కనబడుతుంది? కళ్లు, రంగులు, మన ఫ్లెక్సీలు

నారాయణఖేడ్ నుంచి మాట్లాడుతున్నా. ముందు ఒక చిన్న పని చేయండి. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి పోయి గ్రేస్కేల్ ఆన్ చేయండి. స్క్రీన్ పాత సినిమా లెక్క నలుపు తెలుపు అయింది కదా? ఇప్పుడు గ్యాలరీలో ఉన్న పెళ్లి పత్రికనో, బర్త్‌డే ఫ్లెక్సీ ఫొటోనో తెరవండి. కొన్నింట్లో అక్షరాలు అట్లనే ఉంటాయి. కొన్నింట్లో పేరే పోతుంది. ముదురు ఆకుపచ్చ మీద ఎర్రక్షరాలైతే ఇక వెతుక్కోవాల్సిందే.

రంగు తీసేస్తే పోయే అక్షరం, రంగు ఉన్నప్పుడు కూడా కంటికి కష్టమే. సన్నటి గీతల్ని మన చూపు పట్టుకునేది ముఖ్యంగా వెలుగు తేడాతో. రంగు తేడాతో అంత సన్నగా చూడలేదు.

చేయి చాచి బొటనవేలి గోరు చూడండి. మనకి బాగా పదునైన చూపు ఉండేది దాదాపు అంత జాగాలోనే! రెటీనా మధ్యలో ఫోవియా అనే చిన్న గుంట చేసే పని అది. ఆ గుంట నట్టనడుమ నీలం రంగుకి స్పందించే కణాలు లేనే లేవు. నలుపు మీద ముదురు నీలంతో చిన్నగా రాస్తే కళ్లు చికిలించాల్సి రావడానికి ఇదొక కారణం. ఇంకో కారణం వెలుగు లెక్క. ఫోన్ తెరలో తెలుపుని 100 అనుకుంటే ఆకుపచ్చ 72, ఎరుపు 21, నీలం 7. పసుపంటే ఎరుపు, ఆకుపచ్చ కలిసిందే, అంటే 93. అందుకే తెలుపు మీద పసుపు కనబడదు, నలుపు మీద మెరుస్తుంది.

ఈ సంగతి వీడియో ఇంజనీర్లకి ఎప్పుడో తెలుసు. మీరు చూసే మామూలు ఫోన్ వీడియోలో వెలుగు సమాచారం ప్రతి పిక్సెల్‌కీ ఉంటుంది, రంగు మాత్రం నాలుగు పిక్సెల్స్‌కి కలిపి ఒక్కటే. డేటా అక్కడే మిగులుతుంది. మీరెవరూ గమనించలేదు కదా!

మరి తెలుగుకి ఇది ఇంకాస్త గట్టిగా ఎందుకు తగులుతుంది? ద, ధ తేడా ఏంది? కింద ఒక చిన్న గీత. ప, ఫ కూడా అంతే. ర లో చుక్క పెడితే ఠ. వ, ప మధ్య తలకట్టు దగ్గర చిన్న సందు. కాంట్రాస్ట్ తగ్గితే ముందు పోయేవి ఇవే. పోస్టర్ చేసే తమ్ముళ్లూ, ఎన్ని రంగులైనా వేసుకోండి, పేరు దగ్గర మాత్రం ఒకసారి గ్రేస్కేల్‌లో చూడండి.

ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్ల సంగతి. 2018 ఆగస్టు 15న మన ఉమ్మడి మెదక్‌లోని మల్కాపూర్‌లో కంటి వెలుగు మొదలైంది, గుర్తుందా? ఊరూరా చూపు పరీక్షలు చేసి అద్దాలిచ్చారు. మంచి పని. ఇట్లాంటి పరీక్షల్లో వాడే అక్షరాల చార్ట్‌కి మూలం 1862లో స్నెల్లెన్ అనే డచ్ డాక్టర్ తయారుచేసింది. 6 మీటర్ల దూరం నుంచి 9 మిల్లీమీటర్ల లోపు అక్షరం చదివితే 6/6. కానీ ఆ చార్ట్ తెలుపు మీద చిక్కటి నలుపు. జీవితం అంత నలుపు తెలుపుగా ఉండదు. శుక్లం మొదలైన కంట్లో వెలుతురు చెదురుతుంది, కాంట్రాస్ట్ పడిపోతుంది. చార్ట్ బాగానే చదివిన తాత మాపటేళ బూడిదరంగు మెట్టు చూడక తూలుతాడు. "నీ కళ్లు మంచిగనే ఉన్నయని చెప్పిన్రు కదా" అని మనం విసుక్కుంటాం. 1988లో పెల్లి, రాబ్సన్ దీనికే వేరే చార్ట్ చేశారు: అక్షరాల సైజు మారదు, కిందికి పోయేకొద్దీ రంగు వెలిసిపోతుంది.

కాబట్టి కంటి డాక్టర్ దగ్గరికి తీసుకుపోయినప్పుడు అక్షరాల సంగతి ఒక్కటే కాదు, సాయంత్రం మెట్లు ఎట్లా కనబడుతున్నాయో కూడా చెప్పండి. ఈలోపు ముదురు రంగు మెట్ల అంచుకి తెల్ల పెయింట్ పట్టీ, పాలరాయి మెట్లయితే నల్ల టేపు. పెరుగన్నం తెల్ల ప్లేట్‌లో కాకుండా ముదురు రంగు ప్లేట్‌లో పెట్టండి.