బోర్డింగులో ‘వేసిన’ పిల్లలు
(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘానికి యాభై ఏళ్లు నిండిన గుర్తుగా పిల్లల హోముకు ఏదైనా మంచి పని చేద్దామని కార్యవర్గం అనుకుంది. నంద్యాలలోనూ ఆళ్లగడ్డలోనూ చర్చివాళ్లు నడిపే హోముల్లో చాలా ఏళ్లు వార్డెన్‌గా ఉన్నదాన్ని కాబట్టి నన్ను మాట్లాడమన్నారు. ఏటా జూన్‌లో బడులు తెరిచేటప్పుడు కొత్త పిల్లలు వస్తారు. ఆ మొదటి వారం గురించి మాత్రమే చెబుతాను. మిగతా ఏడాదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ పని మన ప్రాంతానికి కొత్త కాదు. ఎస్.పి.జి. మిషన్ 19వ శతాబ్దంలోనే ఆళ్లగడ్డ దగ్గరి ముత్యాలపాడులో, తర్వాత నంద్యాలలో పని చేసింది. 1876-78 నాటి ధాత కరువు కర్నూలు జిల్లాను ఊడ్చిపెట్టింది. బిడ్డ ఎక్కడైనా సరే, గంజి తాగి బతికితే చాలని తల్లులు అనుకున్న కాలం అది. ‘బోర్డింగు’ మాట మన పల్లెల్లో పాతదే. ఇప్పటికీ “పిల్లోణ్ణి బోర్డింగులో వేసినాం” అంటారు. పోస్టు డబ్బాలో ఉత్తరం వేసినట్టు! ఆ మాట విన్నప్పుడల్లా నాకు చివుక్కుమంటుంది.

మీరంతా హోముకు వచ్చినప్పుడు “పాపం, అనాథలు” అంటారు. నేను చూసిన పిల్లల్లో తల్లీతండ్రీ ఇద్దరూ లేనివాళ్లు తక్కువ. తండ్రి పోయిన పిల్లలు, తండ్రి వదిలేసిపోయిన పిల్లలు, అమ్మ మిరపకోతకు వలస పోతే అవ్వ దగ్గర మిగిలినవాళ్లు, వీళ్లే ఎక్కువ. ఒకసారి దుప్పట్లు పంచడానికి వచ్చిన ఒక పెద్దాయన మైకులో ‘అనాథ బాలలు’ అని నాలుగుసార్లు అన్నాడు. రెండో తరగతి పిల్ల లేచి, “మాయమ్మ ఉండాది సార్, సిరివెళ్లలో ఉండాది” అంది. ఆ రోజు ఆ పిల్ల దుప్పటి తీసుకోలేదు.

కొత్త పిల్లల్ని తెచ్చినప్పుడు చుట్టాలు తల్లికి ఒక సలహా ఇస్తారు: “చెప్తే ఏడుస్తాడు, వాడు ఆడుకుంటుండంగా ఎల్లిపో.” నేను ఒప్పుకునేదాన్ని కాదు. తల్లి ఆ పూట హోములోనే బిడ్డ పక్కన కూర్చుని అన్నం తినాలి. వాడు పడుకునే చోటు చూడాలి. ట్రంకు పెట్టె ఎక్కడ పెడతారో చూడాలి. మళ్లీ ఏ రోజు వస్తుందో వాడికే చెప్పాలి. ఆ తేదీని క్యాలెండర్ మీద వాడిచేతే గుర్తు పెట్టించేదాన్ని. గేటు దగ్గర ఏడుపు తప్పదు. కానీ చెప్పి వెళ్లిన తల్లి కోసం బిడ్డ ఎదురుచూస్తాడు. చెప్పకుండా వెళ్లిన తల్లి కోసం రాత్రంతా వెతుక్కుంటాడు. ఆ వెతుకులాట నేను చూశాను. బాత్రూముల్లో, వంటింట్లో, బియ్యం బస్తాల వెనకాల.

ఇక పేరు సంగతి. ఇది కొందరికి నచ్చకపోవచ్చు. ఆళ్లగడ్డ పక్క పల్లె నుంచి ఓబులేసు అని ఒక పిల్లవాడు వచ్చాడు. అహోబిలం స్వామి పేరు, మన వైపు ఇంటింటికీ ఉన్న పేరే. కమిటీలో ఒకరు ప్రేమతోనే “దానియేలు అని పిలుద్దాం, మంచి పేరు” అన్నారు. అయ్యగారు నా వైపు చూశారు. “వాళ్ల నాయనమ్మ మొక్కుకుని పెట్టిన పేరు అయ్యగారూ, వాడు ఇంటి నుంచి తెచ్చుకున్నది ఒక సంచీ, ఈ పేరూ” అన్నాను. అయ్యగారు రిజిస్టరులో ఓబులేసు అనే రాశారు. మెడలో దర్గా తాయెత్తు కట్టుకుని వచ్చే పిల్లలు ఉంటారు. అదీ తెంపకూడదు. అన్నం ముందు ప్రార్థన అయ్యేదాకా అందరితో పాటు ఆగితే చాలు, కళ్లు మూసుకోమని అడగం.

నేను క్రైస్తవురాలిని. నా విశ్వాసమే నన్ను ఆ పనిలోకి తెచ్చింది, దాన్ని దాచను. కానీ అమ్మ కోసం ఏడుస్తున్న ఏడేళ్ల పిల్లవాడు అన్నం పెట్టే చేతికి ఏమన్నా తలూపుతాడు. ఆ తలూపుడును విశ్వాసం అని లెక్క రాసుకోవడానికి నాకు మనసొప్పదు. భారతదేశం 1992లో ఒప్పుకున్న బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణ కూడా, ఇంటికి దూరంగా పెరిగే బిడ్డ మతం, భాష, సంస్కృతి తెగిపోకుండా చూడమనే చెబుతుంది.

అన్నింటికంటే కష్టమైన సంగతి అన్నాచెల్లెళ్లది. ఒకే తల్లి పిల్లలు, ఒకే రోజు వస్తారు. మగపిల్లల హోము ఆళ్లగడ్డలో, ఆడపిల్లలది నంద్యాలలో. మధ్యలో నలభై కిలోమీటర్ల రోడ్డు. పెద్దవాళ్లకు అది గంట ప్రయాణం. ఐదేళ్ల చెల్లెలికి అది వేరే దేశం. ఒక పాప మొదటి వారమంతా తన పళ్లెంలో సగం అన్నం పక్కకు తోసి పెట్టేది. తిననంటుందేమో అనుకున్నాం. అది వాళ్లన్నకంట. ఇంట్లో ఒకే గిన్నెలో తినేవాళ్లు. ఆ ఆదివారం వంటమనిషి ఆ పిల్లవాణ్ణి బస్సులో నంద్యాలకు తీసుకొచ్చింది. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఒకే పళ్లెంలో తిన్నారు. తర్వాత నెలకు రెండు ఆదివారాలు అలా జరిపించాం. ఆ చార్జీలకు ఏ పద్దులోనూ డబ్బు ఉండేది కాదు. బిల్డింగుకు దాతలు దొరుకుతారు, పేరు చెక్కించుకోవడానికి ఆళ్లగడ్డలో రాయికి, శిల్పులకు కొదవలేదు కదా. బస్సు టికెట్టు మీద ఎవరి పేరూ ఉండదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా హోము నడపకూడదు. దిక్కులేని బిడ్డ దొరికితే ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. హోములో పెట్టడం ఆఖరి మార్గం కావాలి, బిడ్డ మళ్లీ ఇంటికి చేరే దారి చూడాలి. ఇవన్నీ తలనొప్పి అనుకునే నిర్వాహకులు ఉన్నారు. నాకైతే అవి పిల్లల పక్షాన నిలబడే మాటలే. అదే చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం ఈ పిల్లల్ని గుర్తుపట్టేలా ఫొటోలు, వివరాలు అచ్చు వేయకూడదు. కాబట్టి మన సావనీరులో కేకు కోసే ఫొటో వద్దని సంపాదకులను ముందే అడిగాను, ఒప్పుకున్నారు.

కార్యవర్గం హోములో అదనపు గది కట్టిద్దామంటోంది. నేను వద్దంటున్నాను. గది కడితే దాన్ని నింపడానికి మరో పదిమంది పిల్లల్ని వెతుకుతారు. ఆ డబ్బుతో రెండు పనులు చేయండి. ఒకటి, పై నెల నుంచి తోబుట్టువుల ఆదివారాలకూ, చూడ్డానికి వచ్చే తల్లులకూ బస్సు చార్జీలు.

రెండోది ఇక్కడున్న టీచర్లకు. మీ బడికి ఒక తల్లి వచ్చి “టీసీ ఇయ్యండి సార్, హోములో వేస్తాం” అంటే, వెంటనే సంతకం పెట్టకండి. ఎందుకని అడగండి. మిషన్ వాత్సల్య కింద వితంతువుల పిల్లలకు, అలాంటి కష్టంలో ఉన్న ఇతర పిల్లలకు ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. ఏడాది ఆదాయం పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో ఇవ్వాలి. తండ్రి మరణ ధ్రువపత్రం, ఆదాయ పత్రం, ఆధార్, బ్యాంకు ఖాతా అంటూ తిప్పుతారు. కూలి మానుకుని ఆ తల్లి ఎన్నిసార్లు తిరుగుతుంది? మన సంఘంలో రిటైరైన గుమాస్తాలు, బ్యాంకువాళ్లు, తహసీల్దారు ఆఫీసులో పనిచేసినవాళ్లు ఉన్నారు. ఆ తల్లితో పాటు వెళ్లగలిగినవాళ్లు ఈ సభ అయ్యాక కార్యదర్శి దగ్గర పేర్లు ఇవ్వండి. బడులు తెరవడానికి ఇంకా వ్యవధి ఉంది.