పాత సామాను – కొత్త ప్రతిమలు



మన యిండ్లలో అటకమీదను, పెరటి మూలలను పడియుండు పాత సామానుతో బొమ్మలు చేయుటను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. ఇది పిల్లల యాట యని కొందఱు తలపవచ్చును. కాని కొరాపుట్, రాయగడ సీమలలో తరతరములుగా కాపురమున్న తెలుగువారికి ఇందు ఆటకు మించిన ప్రయోజనము కలదు.

ముందుగా మన పొరుగుననున్న విద్యను చూతము. రాయగడ జిల్లాలోని ఢోక్రా పనివారు మొదట మట్టితో బొమ్మ ఆకారము చేసి యారబెట్టుదురు. తేనెమైనమును గుగ్గిలముతో కాచి, దారములుగా సాగదీసి, ఆ మట్టిమీద చుట్టుచు కన్నులు, ముక్కు, నగలు తీర్తురు. దానిపై మరల మట్టి పూసి కాల్తురు. మైనము కరగిపోయిన చోటున కరగిన యిత్తడి నిండును. పై మట్టిని పగులగొట్టినగాని బొమ్మ బయటికి రాదు. అందుచే ఒక అచ్చున రెండు బొమ్మలు పుట్టవు. ఆ యిత్తడి పెక్కుమారులు చిల్లిపడిన బిందెలనుండియు, విఱిగిన గరిటెలనుండియు వచ్చినదే. ఇట్టి ప్రతిమలను కోందులు పూజలయందును, పెండ్లిండ్లయందును ఆదరించిరి. 1926లో మొహెంజొదారోలో దొరికిన నర్తకి విగ్రహము కూడ ఈ మైనపు పోత పద్ధతిలో చేసినదే. దాని యెత్తు పదిన్నర సెంటీమీటర్లు మాత్రమే.

తెలుగునాట సైతము ఈ బుద్ధి క్రొత్తది కాదు. కొండపల్లి బొమ్మలవారు చింతగింజల పిండిని రంపపుపొట్టుతో కలిపి మక్కు చేసి, తెల్లపొణికి కొయ్య ముక్కలను దానితో అతుకుదురు. తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావు, రవిచంద్ర అను తండ్రీకొడుకులు ఇనుప తుక్కుతో పెద్ద విగ్రహములు నిర్మించిరి. వారు 75,000 ఇనుప నట్లను కూర్చి 10 అడుగుల గాంధీ విగ్రహమును చేసిరి. చండీగఢ్ నగరము కట్టునపుడు కూల్చివేసిన గ్రామముల శిథిలములను, పగిలిన గాజులను, పింగాణి ముక్కలను నేక్‌చంద్ అను రోడ్ల యినస్పెక్టరు 1957 ప్రాంతమునుండి రహస్యముగా ప్రోగుచేసి, బొమ్మల తోట నిర్మించెను. అది 1976లో ప్రజలకు తెఱవబడినది. లేకుండపోయిన ఊళ్ళ గుఱుతు ఆ బొమ్మలలో నిలిచినది.

ఇక మన సంగతి. ఈ ప్రాంతము 1936 ఏప్రిల్ 1వ తేదీ వఱకు విశాఖపట్టణము జిల్లాలో నుండి, ఆనాడు ఒరిస్సా రాష్ట్రమున చేరినది. ఎల్లలు మాఱినను మన వంటిండ్లలో గంగాళము, మరచెంబు, కుంచము, కవ్వము, తిరుగలి తమ పేర్లతో నిలిచినవి. ఇప్పుడవి తూకమునకు పోవుచున్నవి. సామానునకు వెల వచ్చును. దాని పేరునకు వెల కట్టువాడు లేడు. కుంచమును చూడని బిడ్డకు ఆ మాట యెట్లు నిలుచును? మన పిల్లలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుకొనుచున్నారు. బడి నేర్పని మాటలను ఇల్లే నేర్పవలెను.

కావున నా సూచన యిది. రాబోవు దసరాకో సంక్రాంతికో ప్రతి యింటి బొమ్మల కొలువులోను పాత సామానుతో చేసిన బొమ్మ యొక్కటి యుండవలెను. విఱిగిన గొడుగు ఊచలతో కట్టు కట్టుడు. పాత కాగితములను రెండు మూడు దినములు నానబెట్టి, నానిన మెంతులతో కలిపి రుబ్బుడు. మన అవ్వలు చేటలకును, బుట్టలకును పూసిన గుజ్జు ఇదియే. పలుచగా పూసి, ఒక పూత ఆరిన పిదప మఱియొక పూత వేయుడు. కొబ్బరిచిప్ప తల కావచ్చును, చిల్లుల జల్లెడ డాలు కావచ్చును, చినిగిన చీర అంచు పాగా కావచ్చును. ఏ భాగము దేనితో చేసిరో పిల్లలే తెలుగున వ్రాసి ప్రక్కన నుంచవలెను. ఒడియా ఇరుగుపొరుగువారిని కూడ పిలువుడు. వారి మాటలును తెలియును.

రెండు హెచ్చరికలు. రేకులు కోయు పని పెద్దలే చేయవలెను. పేర్లు చెక్కించిన పాత్రలను ఎన్నడును కరగింపరాదు, విఱువరాదు. తాతమ్మ పేరు తెలుగు అక్షరములలోనున్న చెంబునకు మించిన ప్రతిమ ఏ కొలువులోను ఉండదు.

తుక్కు కొనువాని తక్కెడలో వేయుటకు ముందు ప్రతి వస్తువును ఒకసారి బిడ్డ చేతికిచ్చి పేరు చెప్పుడని కోరుచున్నాను.