రేషన్ కార్డు ఉంది, పని లేదు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మొన్న మన సంఘ కార్యాలయంలో ఒక మిత్రుడు, "శరణార్థులకు ఊరికే తిండి పెడితే సోమరులైపోతారండీ" అన్నారు. ఆ మాట మీదే నాలుగు ముక్కలు మనవి చేస్తాను.

బంగ్లాదేశ్‌లో కాక్స్ బజార్ అనే జిల్లా ఉంది. 2017 ఆగస్టు 25 తర్వాత మయన్మార్ నుంచి 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు ప్రాణాలరచేత పట్టుకుని అక్కడికి వచ్చారు. కొండవాలుల్లో వెదురుబద్దలు, టార్పాలిన్లతో పాకలు వేసుకున్నారు. ఐక్యరాజ్య సమితికి చెందిన ప్రపంచ ఆహార కార్యక్రమం వారు కుటుంబానికొక కార్డు ఇచ్చారు. నెలనెలా అందులో సొమ్ము వేస్తారు. దానితో కేటాయించిన దుకాణాల్లో బియ్యం, పప్పు, నూనె, గుడ్లు తెచ్చుకోవాలి. ఆ సొమ్ము నగదుగా చేతికి రాదు.

మనకు ధరలు పెరిగితే, ఆలస్యంగానైనా, కరువు భత్యం పెరుగుతుంది. వారికి జరిగింది వినండి. తలకు నెలకు 12 డాలర్లు ఉండేది 2023 మార్చిలో 10 అయింది, జూన్‌లో 8 అయింది. అంటే రోజుకు మన లెక్కన సుమారు 22 రూపాయలు! ధరలు తగ్గి కాదు, దాతల చందాలు తగ్గి. 2024లో మళ్ళీ పెంచారు. ఆ మధ్య నెలల్లో పిల్లల తల్లి ఏ ఆఫీసుకు వెళ్ళి అర్జీ పెట్టుకోవాలి?

పోనీ కష్టపడదామంటే, శిబిరం దాటి ఉద్యోగం చేయడానికి ప్రభుత్వం అనుమతించలేదు. చుట్టూ ముళ్ళకంచె. లోపల సహాయ సంస్థలు బాటలు వేయించడం వంటి కూలి పనులు ఇస్తాయి గాని, అందరికీ అందవు. అయినా చాలామంది చిన్న చిన్న దుకాణాలు పెట్టుకున్నారు. 2021 చివర, 2022 మొదట్లో అధికారులు అటువంటివి వేల సంఖ్యలో కూల్చివేశారు. సోమరిపోతు దుకాణం పెడతాడా, మీరే చెప్పండి. స్థానిక కూలీల రేట్లు పడిపోతాయన్న భయం అక్కడివారికుంది. అది కొట్టిపారేయదగ్గది కాదు.

కెన్యాలో 1992లో వెలసిన కకుమా శిబిరం కథ వేరు. అక్కడా ఉద్యోగానికి పర్మిట్ దొరకడం కష్టమే గాని, దుకాణం పెట్టుకోనిచ్చారు. ప్రపంచ బ్యాంకు అనుబంధ సంస్థ 2018లో వెలువరించిన నివేదిక ప్రకారం అక్కడ 2,000కు పైగా వ్యాపారాలున్నాయి. చుట్టుపక్కల తుర్కానా జాతివారు వంటచెరుకు, బొగ్గులు తెచ్చి శిబిరంలోనే అమ్ముకుంటారు.

ఇక చందాల సంగతి. 1971లో తూర్పు బెంగాల్ నుంచి కోటి మంది దాకా మన దేశానికి వచ్చినప్పుడు, నవంబరు 15 నుంచి కవరు మీద 5 పైసల శరణార్థి సహాయ స్టాంపు అదనంగా అంటించవలసి వచ్చింది. మనలో చాలామంది అంటించే ఉంటారు. ఆనాటి కవర్లు ఎవరి ట్రంకు పెట్టెలోనైనా మిగిలి ఉంటే, ఒకసారి తీసి మనవలకు చూపించండి.