పెత్తనము, భయము, శరీరము

(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ప్రసంగ పాఠము)



పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని లోకోక్తి. ఒకడు పెత్తనము చేయుటకును, వేఱొకడు తల వంచుటకును పుట్టినారనియు, అది నెత్తురులోనే యున్నదనియు నమ్మువారు అన్ని దేశములలోను గలరు. ఇందుకు జీవశాస్త్రమే సాక్షి యని వారి వాదము. ఆ సాక్షిని పిలిచి విచారించినచో చెప్పునది వేఱుగా నున్నది.

మొదట శరీరపు సంగతి. మూత్రపిండములపై టోపీలవలె రెండు చిన్న గ్రంథులున్నవి. వానిని అధివృక్క గ్రంథులందురు. పులి యెదురైన లేడిని తలచుకొనుడు. క్షణములో ఈ గ్రంథులు తమ రసములను నెత్తుటిలోనికి వదలును. గుండె వడిగా కొట్టుకొనును, నిలువయున్న చక్కెర కండరములకు చేరును, జీర్ణక్రియ మందగించును, ఎదుగుదల మొదలగు పనులు వాయిదా పడును. ఇల్లు తగులబడుచుండగా గోడలకు సున్నము వేయువాడుండడు గదా! అమెరికాలో వాల్టర్ కానన్ 1915లో ఈ సన్నాహమును వర్ణించెను. కెనడాలో హాన్స్ సెల్యే, ఎడతెగని బాధకు గుఱియైన ఎలుకల కడుపులో పుండ్లు పడుటయు, ఈ గ్రంథులు ఉబ్బుటయు 1936లో చూపెను. దీనినే నేడు ఒత్తిడి యనుచున్నారు.

లేడికి ఆపద నిమిషములలో తీరును: తప్పించుకొనును, లేదా చచ్చును. మనుష్యునికట్లు గాదు. తెల్లవాఱిన అప్పులవాడు వచ్చునన్న తలపే చాలు, ఆ రసములు రాత్రియెల్ల ఊరుచునేయుండును. ఏండ్లు అట్లు గడచినచో ప్రాణరక్షణకై యేర్పడినదే రక్తపుపోటును పెంచి, రోగములతో పోరాడు శక్తిని తగ్గించును.

అధికారమునకు దీనితో నేమి సంబంధము? రాబర్ట్ సపోల్‌స్కీ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1978లో ఆఫ్రికాలోని కెన్యా దేశమునకు పోయి, బబూనులను పెద్ద జాతి కోతుల మందలను ఏండ్ల తరబడి పరిశీలించెను. మత్తుమందు సూదిని గొట్టముతో ఊది, అవి సొమ్మసిల్లగా నెత్తురు తీసి పరీక్షించెడివాడు. ఆ కోతులకు తిండి కొద్ది గంటలలో దొరకును. మిగిలిన ప్రొద్దు ఒకదాని నొకటి పీడించుటకు కావలసినంత. మందలో పెద్దచిన్న వరుస స్థిరముగా నున్నపుడు, అడుగున నున్న మగకోతుల నెత్తుటిలో, ఏ తగవును లేని వేళ గూడ, ఆ రసములలో నొకటైన కార్టిసాల్ హెచ్చుగా నుండెను. పెద్దదానిచే దెబ్బతిన్న కోతి తనకన్న చిన్నదానిపై పడును, అది మఱొకదానిపై. అత్తమీది కోపము దుత్తమీద చూపుట మనుష్యులకే పరిమితము గాదన్నమాట. అట్లని అగ్రస్థానము పూలపాన్పు గాదు. కెన్యాలోనే అంబోసెలి ప్రాంతపు బబూనులపై జరిగి 2011లో ప్రకటింపబడిన పరిశోధనలో, మొదటి స్థానపు కోతికి రెండవదానికన్న ఒత్తిడి రసములు ఎక్కువని తేలెను.

కోతుల మాట మనుష్యులకు వర్తించునా? లండను నగరమున ప్రభుత్వోద్యోగులపై 1967లో ఆరంభమైన వైట్‌హాల్ పరిశోధనను చూడవలెను. అందు సుమారు 17,500 మంది పురుషులు. అందఱును జీతగాండ్రే, ఆ దేశమున వైద్యమును ఉచితమే. అయినను బంట్రోతులు మొదలైన అట్టడుగు తరగతివారు, పై తరగతి అధికారులకంటె మూడు రెట్లకు మించి గుండెజబ్బుతో మరణించిరి. గుండెపోటు దొరల జబ్బను ప్రచారము తలక్రిందులయ్యెను. అంతకన్న వింత, నిచ్చెన మెట్లవలె తరగతి తరగతికిని తేడా కనబడుట. పొగత్రాగుట మొదలైనవి ఆ తేడాలో కొంత భాగమునకే కారణములు. మైకేల్ మార్మట్ నాయకత్వమున 1985లో స్త్రీలను గూడ చేర్చి 10,308 మందితో మొదలిడిన రెండవ పరిశోధనలో, తన పనిని గూర్చి తాను నిర్ణయించుకొను వీలు లేనివారికి గుండెజబ్బు హెచ్చుగా వచ్చినట్లు తేలెను.

మఱి ఈ పీడన మార్పులేనిదా? సపోల్‌స్కీ చూచిన మందలలో ఒకదానికి 1980 తరువాతి యేండ్లలో జరిగినది వినదగినది. సమీపమున యాత్రికుల విడిది యొకటి యుండెను. దాని చెత్తగుంటలోని తిండి వేఱొక మంద వశములో నుండెను. ప్రతి యుదయమును ఈ మందలోని పోట్లాటగాండ్రైన మగకోతులు అచటికి పోయి, కొట్లాడి తినెడివి. సాత్త్వికములైనవి ఉన్నచోటనే యుండి ఒండొంటి బొచ్చు దువ్వుకొనుచుండెడివి. ఆ గుంటలో క్షయ సోకిన మాంసము పడెను. పోయి తిన్నవి చచ్చెను. మందలోని మగకోతులలో సగమునకు కొంచెము తక్కువ నశించెను. అవన్నియు కయ్యమునకు కాలు దువ్వునవే.

మిగిలిన మందలో తగవులు పూర్తిగా మానలేదు. పెద్దచిన్న వరుసయు పోలేదు, ఈడుజోడైనవి కొట్టుకొనుచునేయుండెను. కాని అడుగుదానిని ఊరక హింసించుట తగ్గెను. ప్రక్కప్రక్కన కూర్చుండి పేలు చూచుకొనుట పెరిగెను.

ఇది చచ్చినవి చావగా మిగిలిన మంచివాని మహిమ యనుకొనవచ్చును. అయితే మగ బబూను యౌవనము రాగానే పుట్టిన మందను విడిచి పరాయి మందలో చేరును. 1993 నాటికి ఆ మందలో పూర్వపు మగకోతి ఒక్కటియు లేదు. ఉన్నవన్నియు వేఱు మందలలో పుట్టి, ఆ కఱుకుదనమునందే పెరిగి వచ్చినవి. అయినను ఆ మంద ఆచారము నిలిచెను. క్రొత్తవానికి ఎవరును పాఠము చెప్పినట్లు కనబడలేదు. అచటి ఆడకోతులు ఇతర మందలలోకంటె త్వరగా వానిని దరిజేర్చి బొచ్చు దువ్వుట ఒక కారణమై యుండవచ్చునని సపోల్‌స్కీయు, లీసా షేరును 2004లో వ్రాసిరి. పుడకలదాక పోగూడని బుద్ధి బ్రతికియుండగనే మారినది. ఆ మందలోని అడుగు వరుస మగకోతులను పరీక్షింపగా, ఇతర మందలలో అట్టివానికుండెడి ఒత్తిడి గుర్తులు కానరాలేదు.