కిక్ బలం బూటులో లేదు, తుంటిలో ఉంది

మన మండపేట తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, బూట్లు లేకుండా గట్టి కిక్ వస్తుందా?" వస్తుంది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది ఒట్టి కాళ్ళతో ఆడి, ఫ్రాన్స్ చేతిలో 2-1తోనే ఓడారు. 1956లో హైదరాబాద్ కోచ్ రహీమ్ గారి జట్టు బూట్లతో ఆడి నాలుగో స్థానం తెచ్చింది. బూటు పాదాన్ని కాపాడుతుంది, బలం మాత్రం మనదే.

చెర్నాకోల చూశారుగా? చెయ్యి ఆగితేనే కొస ఛెళ్ళుమంటుంది. కిక్కూ అంతే. ముందు తుంటి తిరగాలి. తొడ ముందుకొచ్చి నెమ్మదిస్తే, మోకాలి కింది భాగం విసురుగా వస్తుంది. రెండో కాలు బంతి పక్కనే ఆనించండి. పాదం పైభాగంతో కొట్టండి, బొటనవేలితో వద్దు. పాదం బంతిని తాకేది సెకనులో సుమారు నూరో వంతే. అప్పుడు చీలమండ వదులైతే, తెచ్చిన వేగం కొంత అక్కడే పోతుంది. అందుకే ముందు నెమ్మదిగా కొట్టి వరస నేర్చుకోండి, స్పీడ్ తర్వాత.