ఫోన్‌లో అమ్మకం: ఏం అమ్మాలి, ఎంతవరకు నమ్మాలి
(ఎర్రగుంట్లలో జరిగిన రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య మన పిల్లల ఫోన్‌లలో ఒకటే ప్రచారం. సేద్యం దండగ, ఆన్‌లైన్‌లో వ్యాపారం పెట్టు, ఇంట్లో కూర్చుని లక్షలు సంపాదించు అంటున్నారు. అది నేర్పిస్తామని వేలకు వేలు ఫీజులు అడుగుతున్నారు. ఇంకోవైపు ప్రభుత్వాల పెద్దలు కూడా రైతు పారిశ్రామికవేత్త కావాలని సభల్లో చెబుతున్నారు. ఈ రెండు మాటల్లో ఎంత నిజం ఉందో మన లెక్కతోనే తేల్చుకోవాలి.

మన ప్రాంతం పంట బుడ్డశనగ. ముద్దనూరు, మైలవరం, పెద్దముడియం, రాజుపాళెం నల్లరేగడి భూముల్లో రబీ అంటే శనగే. 2025-26 రబీ పంటకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 5,875 రూపాయలు. ఆ ధరకే కొని బేడలు ఆడిస్తే, మరను బట్టి క్వింటాలుకు 70 నుంచి 75 కిలోలు వస్తాయి. అంటే కిలో బేడలకు సరుకు ఖర్చే 78 నుంచి 84 రూపాయలు. దాని మీద మర కూలి, ప్యాకెట్, కొరియర్, మన ఇంటి మనిషి కష్టం పడతాయి. పట్నంలో ఇంటి పక్క అంగడిలో దొరికే శనగబేడలను ఇంత ఖర్చు పెట్టి మన దగ్గర ఎవరు తెప్పించుకుంటారు? కాబట్టి పండిందల్లా ఫోన్‌లో పెడితే అమ్ముడుపోదు. ఏం అమ్మాలో ఎంచుకోవడమే అసలు పని.

ఎంచుకునే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకుందాం. దారిలో చెడిపోతుందా? బరువుకు తగ్గ ధర వస్తుందా? అంగడిలో దొరకని గుణం ఏదైనా ఉందా? ఒకసారి కొన్నవాళ్లు నెలనెలా మళ్లీ కొంటారా? ఈ నాలుగింటికీ నిలబడే సరుకులు మన ఇళ్లలో కొన్ని ఉన్నాయి. కల్తీ లేని శనగపిండి, పప్పుల పొడి, చెనిక్కాయల పొడి, కొర్రబియ్యం అట్లాంటివి. శనగపిండిలో చవకైన పసుపు బఠాణీ పిండి కలుపుతారన్న అనుమానం పట్నం ఇల్లాళ్లందరికీ ఉంది. మన చేలో పండిన శనగను మన ముందరే ఆడించి పంపుతామంటే ఆ మాటకు విలువ ఉంటుంది. పులివెందుల అరటి, చీనీ ఈ లెక్కలోకి రావు. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై ఓడరేవుకు అరటి రైలు పోయిందంటే దాని వెనుక శీతల కంటైనర్లు, ఎగుమతి కంపెనీలు ఉన్నాయి. ఒక ఇంటి వాళ్లు ఫోన్ పెట్టుకుని చేసే పని కాదది.

అందరూ వేసే పంట కాకుండా ప్రత్యేకమైనది ఎంచుకుంటే చాలు, లాభం ఖాయం అంటారు. ఈ మాటను మన కడప జిల్లా ఎప్పుడో పరీక్షించింది. మైదుకూరు వైపు పండే కృష్ణాపురం ఉల్లి, మనం కేపీ ఉల్లి అంటాం. చిన్న గడ్డ, ఘాటు ఎక్కువ. మన ఇళ్లలో వాడరు. మలేసియా, సింగపూర్, శ్రీలంక లాంటి దేశాలకు పోతుంది. 2020 సెప్టెంబర్ 14న కేంద్రం ఉల్లి ఎగుమతులు ఆపేసినప్పుడు మహారాష్ట్ర ఉల్లితో పాటు ఇదీ ఆగిపోయింది. దేశంలో ఎవరూ తినని ఉల్లిని ఆపితే దేశంలో ధర ఎట్లా తగ్గుతుంది? మళ్లీ అక్టోబర్‌లో 10,000 టన్నులకు, అదీ చెన్నై రేవు గుండానే, అనుమతి ఇచ్చారు. ఈలోపు చేతికొచ్చిన గడ్డ ఆగుతుందా? సరుకు ఎంత ప్రత్యేకమైనదైనా కొనేవాడు ఒక్కచోటే ఉంటే ఒక్క ఉత్తర్వుతో మన బతుకు ఆగిపోతుంది. ఆన్‌లైన్‌లోనూ అంతే. ఒకే సైటు మీద ఆధారపడితే వాళ్లు కమీషన్ పెంచిన రోజు మనం దళారిని మార్చుకున్నట్లే, వదిలించుకున్నట్లు కాదు. కొన్నవాళ్ల పేర్లు, ఫోన్ నెంబర్లు మన పుస్తకంలో ఉండాలి.

ఇక నిలబడడం సంగతి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన మై విలేజ్ షో మనందరికీ తెలుసు. గంగవ్వను ఇంటింటికీ తెచ్చింది అదే. వాళ్లు పల్లె బతుకు అనే ఒక్క విషయాన్నే పట్టుకుని ఏళ్ల తరబడి చేశారు. మూడు నెలలకు ఒక కొత్త వ్యాపారం మార్చే పిల్లలు ఇది గమనించాలి. శనగ విత్తేది అక్టోబర్, నవంబర్‌లలో, కోసేది జనవరి, ఫిబ్రవరిలలో. ఆ రోజుల్లో చేలో పని వదిలి ప్యాకెట్లు కట్టలేం. కాబట్టి కోత అయినాక సరుకు శుభ్రం చేసి నిల్వ పెట్టుకుని, వారానికి రెండు రోజులు మాత్రమే ఆడించి పంపే పద్ధతి పెట్టుకోవాలి. ఫోన్ చూసేదానికి పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట చాలు. రోజంతా ఫోన్ పట్టుకుంటే పని జరిగినట్లు అనిపిస్తుంది కానీ జరగదు.

లెక్కల పుస్తకంలో ఆడవాళ్ల కూలి తప్పకుండా రాయాలి. వేయించేది, దంచేది, చెరిగేది, ప్యాకెట్ కట్టేది వాళ్లే. ఆ కూలి తీసేసి చూపే లాభం లాభం కాదు, వాళ్ల కష్టాన్ని మింగడం.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. తినే సరుకు అమ్మాలంటే ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కావాలి. చిన్న వ్యాపారానికి ఏడాదికి ఫీజు 100 రూపాయలు. ప్యాకెట్ మీద బరువు, తేదీ, చిరునామా ఉండాలి. 2022 జూలై 18 నుంచి ప్యాకెట్ కట్టి లేబుల్ వేసిన పప్పులు, పిండ్ల మీద 5 శాతం జీఎస్టీ ఉంది. మన పిల్లలు ఉండే హైదరాబాద్, బెంగళూరు రెండూ ఇప్పుడు వేరే రాష్ట్రాలే. పన్ను పడే సరుకు రాష్ట్రం దాటితే రిజిస్ట్రేషన్ అడుగుతారు. ఒక్కొక్క ఇల్లు ఈ బరువు మోయలేదు. పది ఇళ్లు కలిసి సంఘంగా చేస్తేనే కుదురుతుంది. ఇంకొక జాగ్రత్త: మనకు డబ్బు రావడానికి పిన్ నెంబరు కొట్టాల్సిన పని లేదు. కొట్టమన్నవాడు దొంగ.

చివరిగా సంఘం మాట. పొడులు, పిండ్లు అమ్ముకుని కొన్ని కుటుంబాలు నాలుగు రూపాయలు చూస్తే మంచిదే. కానీ మన మండలాల శనగ మొత్తం ప్యాకెట్లలో పోదు. దాని ధర తేలేది ఢిల్లీలో. 2023 డిసెంబర్‌లో పసుపు బఠాణీ మీద దిగుమతి సుంకం ఎత్తేశారు. 2024 మేలో శనగ మీదా ఎత్తేశారు. 2025 ఏప్రిల్‌లో శనగ మీద 10 శాతం, నవంబర్‌లో బఠాణీ మీద 30 శాతం సుంకం మళ్లీ వేశారు. ఆ మధ్య కాలంలో ఓడల్లో దిగిన సరుకు మన ధరను తొక్కింది. దీనికి జవాబు ఫోన్‌లో లేదు. స్వామినాథన్ కమిషన్ చెప్పినట్లు మొత్తం ఖర్చుకు సగం కలిపి మద్దతు ధర, దానికి చట్టం, కౌలు రైతు దగ్గర కూడా కొనుగోలు, ఇవి పోరాడి తెచ్చుకోవాల్సినవే. నీకు అమ్ముకోవడం రాలేదు కాబట్టే నష్టపోయావు అని రైతు మీదికి తోసే మాటను మనం ఒప్పుకోకూడదు.

అందుకే ఒక ప్రతిపాదన పెడుతున్నాం. ఈ కోత అయినాక ముందుకొచ్చిన పది కుటుంబాలు ఒకే సరుకుతో, అప్పు చేయకుండా, ఆరు నెలలు చేసి చూడాలి. ఖర్చు, కూలి, తిరిగొచ్చిన ప్యాకెట్లు అన్నీ రాసి సంఘం ముందు పెట్టాలి. లాభం వస్తే మిగతావాళ్లకు నేర్పుదాం. రాకపోతే ఆ లెక్కే మన పిల్లలను వేల రూపాయల ఫీజుల నుంచి కాపాడుతుంది. పేర్లు ఇచ్చేవాళ్లు ఈరోజే ఇవ్వండి, ఆడవాళ్ల పేర్లు ముందు రాయండి.