గాజు తలుపుకు అటూ ఇటూ

(సూరత్ నగరంలో తెలుగు ఉపాసక, ఉపాసికల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేటి సభలో సమ్యక్ ఆజీవాన్ని గురించి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు నన్ను కోరారు. అష్టాంగ మార్గంలో అది అయిదవ అంగం. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం అనే అయిదింటి వ్యాపారం ఉపాసకుడు చేయరాదన్న బుద్ధవచనాన్ని వివరించి ఈ విషయాన్ని ముగించడం మనలో పరిపాటి. కాని మగ్గాల మీద, మిల్లుల్లో, బట్టల కొట్లలో బతుకు వెళ్ళదీసే మనవంటి వారు ఆ మాట విని, ఇది మనకు సంబంధించినది కాదని నెమ్మదిగా ఇంటికి వెళ్ళిపోతారు. అందుచేత ఈ రోజు మనకు సంబంధించిన దానినే తీసుకుంటాను. చూడగానే లోపలికి రమ్మని పిలిచి, వెళ్ళిన ప్రతిసారీ నిరాశతో పంపే దుకాణాన్ని గురించి మాట్లాడతాను.

అటువంటి దుకాణం ఎరుగనివారు ఈ ఊళ్ళో లేరు. అద్దాల వెనుక బొమ్మలకు కట్టిన చీరలు, వాటిమీద పడేటట్టు అమర్చిన దీపాలు, 50 శాతం తగ్గింపు అన్న పెద్ద అక్షరాలు, ఆ అక్షరాల పక్కన కంటికి ఆనని 'వరకు' అన్న చిన్న మాట. లోపలికి వెళితే బొమ్మకు కట్టిన చీర అమ్మకానికి లేదంటారు. ఉన్నా దాని ధర వేరంటారు. తగ్గింపు ఉన్నది మూలనున్న గుట్టకే. ఆ గుట్టలో మడతల దగ్గర రంగు తేలిపోయిన పాత సరుకు. దీపం కింద ముదురు నెమలికంఠం రంగులో మెరిసిన బట్ట, వీధిలోకి తెచ్చి చూస్తే మరొక రంగు. రింగ్ రోడ్డు టోకు మార్కెట్లలోనైతే నిరాశ ఇంకొక తీరుగా ఉంటుంది. గుమ్మంలో వేలాడేది ఒక్క చీర. కొనవలసింది సెట్టు మొత్తం. ఊరికి వెళ్ళేముందు అక్కకో అమ్మకో ఒక్క చీర కొందామని వచ్చినవాడికి గుమాస్తా తల కూడా ఎత్తకుండా లేదంటాడు. విచిత్రమేమంటే, వచ్చే పండుగకు మనం మళ్ళీ అదే గాజు ముందు నిలబడతాం.

దీనిని గురించి మాట్లాడేముందు ఒక సంగతి మరువరాదు. మన తాతల కాలంలో ఈ నిరాశ గుమ్మం బయటనే ఉండేది. ఊరి కొట్టు ముందు దూరంగా నిలబడి, డబ్బులు నేలమీద పెట్టి, పైనుంచి వేసిన సరుకును తువ్వాలులో పట్టుకొన్నవారి సంతతి మనలో ఎందరో ఉన్నారు. ఇక్కడికి కొద్ది గంటల రైలు ప్రయాణంలో ఉన్న బరోడాకు 1917లో ఉద్యోగానికి వచ్చిన డాక్టర్ అంబేడ్కర్, విదేశాల్లో చదివి వచ్చిన పండితుడై కూడా, పారశీల సత్రంలో పారశీ పేరుతో తల దాచుకోవలసి వచ్చింది. సంగతి బయటపడగానే కర్రలతో వచ్చిన గుంపు ఆయనను అక్కడినుంచి వెళ్ళగొట్టింది. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణం రెండవ ఖండంలో దుకాణాలను, ఫలహారశాలలను, హోటళ్ళను పేరు పెట్టి పేర్కొన్నది. కులాన్ని బట్టి, మతాన్ని బట్టి ఎవరినీ వాటిలోకి రాకుండా ఆపరాదని శాసించింది. మనం ఈనాడు తోసే గాజు తలుపు వెనుక ఆ పోరాటం ఉన్నది. కనుక దుకాణాల వైపు చూడకండి అని చెప్పడానికి నేను రాలేదు. తలుపు తెరుచుకొన్న తరువాత లోపల ఏమి జరుగుతున్నదో కళ్ళు తెరిచి చూద్దామని మాత్రమే అంటున్నాను.

సూరత్‌కూ తెలుగుదేశానికీ బట్ట ద్వారా ఏర్పడిన సంబంధం పాతది. ఇంగ్లీషు కంపెనీ వారు మచిలీపట్నంలో 1611లోను, సూరత్‌లో 1613లోను వర్తకస్థానాలు పెట్టుకొన్నది బట్టల కోసమే. నేడు ఆ సంబంధం మనుషుల రూపంలో ఉన్నది. వరంగల్లు, కరీంనగరం, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చిన నేతకుటుంబాలు లింబాయత్‌లోను, ఉధనాలోను స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడిపేటంతగా మన జనం ఇక్కడ ఉన్నారు. ఊళ్ళో చేతిమగ్గం మూలపడిన ఇంటి కొడుకు ఇక్కడ సాంచాల మధ్య నిలబడి పాలియెస్టర్ నేస్తాడు. ఆ బట్టమీద మిల్లులో పోచంపల్లి ఇక్కత్ నమూనా అచ్చు పడుతుంది. ఆ చీర మళ్ళీ మన ఊరి దుకాణానికే చేరి, పోచంపల్లి అన్న పేరుతో గాజు వెనుక నిలబడుతుంది. నూలును ముడులు వేసి, రంగులో ముంచి, పడుగు పేకల మీద ఆ నమూనాను తీర్చే కుటుంబం ఆ ధరతో పోటీ పడలేదు. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా అచ్చు చీరకు ఆ పేరు తగిలించడం ఆగలేదు.

2017లో తెలంగాణలో బతుకమ్మ చీరలు పంచినప్పుడు ఏమి జరిగిందో మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. చేనేత చీర వస్తుందని ఎదురుచూసిన మహిళలు కొన్నిచోట్ల వచ్చిన చీరలను తగులబెట్టారు. వాటిలో కొంత సరుకు ఈ సూరత్ నుంచి వెళ్ళినదే. ఇందులో పాలియెస్టర్ చేసిన తప్పు ఏమీ లేదు. అది చవక, ఉతుకు సులువు, త్వరగా ఆరుతుంది. కూలికి వెళ్ళే తల్లికి అది మంచి బట్ట. పాలియెస్టర్‌ను పాలియెస్టర్ అని అమ్మేవాడు ఎవరినీ నిరాశపరచడు. నిరాశ పుట్టేది చెప్పిన మాటకూ చేతికొచ్చిన వస్తువుకూ నడుమ ఉన్న ఖాళీలో. ఆ ఖాళీయే కొందరికి లాభం.

ఆ ఖాళీని బుద్ధుడు గుర్తించాడు. మజ్ఝిమ నికాయంలోని మహాచత్తారీసక సుత్తంలో మిథ్యా ఆజీవానికి అయిదు లక్షణాలు చెప్పబడ్డాయి. వాటిని ప్రధానంగా భిక్షువుల నడతకు అన్వయించి చెబుతారు. కాని ఒక్కొక్కటీ తీసుకొని బజారులో నిలబడి చూడండి. మొదటిది కుహనా. ఈ పాలి మాటను మనం తెలుగులో రోజూ వాడుతున్నాం; లేనిదాన్ని ఉన్నట్టు చూపడం. గాజు వెనుక బొమ్మ అదే చేస్తుంది. రెండవది లపనా, తీపి మాటలతో ముంచడం. "మీ రంగుకు ఇది పుట్టిందమ్మా" అనే మాట ఆ కోవలోనిది. మూడవది నేమిత్తికతా, సూచనలతో లాగడం. "ఇదొక్కటే మిగిలింది, ఇందాకే ఒకరు చూసి వెళ్ళారు" అంటారు. అయిదవది లాభంతో లాభాన్ని వేటాడడం. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న పలకకు ఇంతకన్న సూటియైన నిర్వచనం ఎక్కడా దొరకదు.

నాలుగవదాన్ని చివరకు ఉంచాను. అది నిప్పేసికతా, ఎదుటివాణ్ణి చిన్నబుచ్చి పని సాధించుకోవడం. "అది మీ బడ్జెట్‌కు రాదులెండి" అన్న మాట, లేదా మాట లేకుండా కాలి చెప్పుల నుంచి తలదాకా వెళ్ళే ఒక చూపు. మిగిలిన నాలుగూ అందరిమీదా పనిచేస్తాయి. ఈ ఒక్కటి, తరతరాలుగా గుమ్మం బయట నిలబెట్టబడిన వారిమీద రెట్టింపుగా పనిచేస్తుంది. ఆ చూపు పడగానే మనలో పాత గాయం కదులుతుంది. నేను కొనగలనని రుజువు చేయడానికి, అక్కరలేని వస్తువును, నచ్చని వస్తువును, నెల జీతంలో సగం పెట్టి కొంటాం. ఇంటికి వచ్చాక ఆ చీర పెట్టెలో పడి ఉంటుంది. మనం కొన్నది చీరను కాదు; ఒక అపరిచితుడి గౌరవాన్ని. అది ఏ దుకాణంలోనూ సరుకుగా దొరకదు, కనుకనే ఇటువంటి దుకాణం ప్రతిసారీ నిరాశపరుస్తుంది.

ఈ కొలుకు దగ్గర ధమ్మం మనకు పనికివచ్చే సాధనం అవుతుంది. కన్ను రూపాన్ని తాకగానే స్పర్శ, స్పర్శ నుంచి వేదన, వేదన నుంచి తృష్ణ అని పటిచ్చసముప్పాదం చెబుతున్నది. గాజు ముందు నిలబడినప్పుడు కలిగిన సుఖవేదన ఆ వస్తువుది కాదు. ఆ చీర కట్టుకొన్న నన్ను నలుగురూ ఎలా చూస్తారో అన్న ఊహది. లోపలికి వెళ్ళి వస్తువును చేతితో తాకగానే ఊహ పోతుంది, వస్తువు మిగులుతుంది. దానికే నిరాశ అని పేరు. మరి మళ్ళీ ఎందుకు వెళతాం? మనసు గాజును జ్ఞాపకం పెట్టుకొంటుంది, గుట్టను మరిచిపోతుంది. సంజ్ఞ ఎండమావి వంటిదని బుద్ధుడు చెప్పిన పోలిక ఇదే. వేదనకూ తృష్ణకూ నడుమ ఒక్క క్షణం ఆగి, "ఇప్పుడు నాలో కోరిక పుట్టింది" అనో, "ఇప్పుడు నాకు అవమానం తోచింది" అనో గుర్తించగలిగినవాడు ఆ గొలుసులో ఒక లంకెను తెంచినవాడు. అతడు ధర అడిగి, బట్టను వెలుతురులో చూసి, నచ్చకపోతే ఉత్త చేతులతో, ఎత్తిన తలతో బయటకు రాగలడు. లోపలికి వెళ్ళే హక్కును రాజ్యాంగం ఇచ్చింది. ఉత్త చేతులతో బయటకు వచ్చే స్వేచ్ఛను స్మృతి ఇస్తుంది.

దుకాణం లోపల నిలబడినవారిలోనూ మనవాళ్ళు ఉన్నారు. యజమాని పాలియెస్టర్‌ను పట్టు అని చెప్పమంటే నెల జీతం మీద బతికే సేల్స్‌మన్ ఏమి చేయాలి? ఇది తేలికైన ప్రశ్న కాదు. వారికి ఒక జాతక కథ గుర్తుచేస్తాను. సేరివాణిజ జాతకంలో ఇద్దరు తిరుగు వర్తకులు తేలవాహ నదిని దాటి ఆంధపురానికి వస్తారు. అది ఆంధ్రుల పురమేనని పలువురు పండితుల అభిప్రాయం. చితికిపోయిన ఒక ఇంట అవ్వ, మనుమరాలు మసి పట్టిన పాత గిన్నె ఇచ్చి చిన్న నగ ఏదైనా ఇమ్మంటారు. మొదటివాడు సూదితో గీసి అది బంగారమని తెలుసుకొని, ఇది చిల్లిగవ్వ చేయదని నేలకు కొట్టి వెళ్ళిపోతాడు, తరువాత వచ్చి కారుచవకగా కొట్టేయవచ్చునని. రెండవవాడు బోధిసత్త్వుడు. ఇది లక్ష చేస్తుంది, నా దగ్గర అంత సొమ్ము లేదని ఉన్నమాట చెబుతాడు. వారు సంతోషంతో అతని దగ్గర ఉన్నంతకే ఇస్తారు. తిరిగి వచ్చిన మొదటివాడు సంగతి విని గుండె పగిలి చనిపోతాడు. చిన్నబుచ్చి లాభం తీయాలన్నవాడి కథ అది. వస్తువును చిన్నబుచ్చినా, మనిషిని చిన్నబుచ్చినా ఆ విద్య ఒక్కటే. అన్ని నిజాలూ చెప్పే అధికారం సేల్స్‌మన్‌కు లేకపోవచ్చు. అబద్ధం తన నోటితో ఆడకుండా ఉండడం, వచ్చినవారిని చూపుతో కొలవకుండా ఉండడం అతని చేతిలోనే ఉన్నవి. అడిగినవారికి "అంచు నుంచి ఒక పోగు తీసి చూసుకోండి" అని చెప్పినా అది సమ్యక్ వాక్కే.

ఆ పోగు పరీక్ష అందరికీ తెలిసి ఉండాలి. నిజమైన పట్టు పోగు కాలిస్తే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసగా మిగులుతుంది. అసలు జరీ పట్టు దారం మీద వెండి తీగ చుట్టి బంగారు పూత వేసినది. నకిలీలో రాగి తీగో ప్లాస్టిక్ పొరో ఉంటుంది. చట్టం కూడా తెలిసి ఉండాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు లేకపోతే 30 రోజులలోగా వాపసు తీసుకోకపోవడమూ అంతే. అమ్మిన సరుకు వాపసు లేదన్న పలక చూసి లోపమున్న వస్తువుతో వెనుదిరగనక్కరలేదు. 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పుకోవచ్చు. ఎవరి మాటనైనా పరీక్షించి చూడమన్న ధర్మంలోకి వచ్చినవాళ్ళం. చీర కొనేటప్పుడు ఆ పరీక్షను ఎందుకు వదలాలి?

చివరగా మన గుమ్మం సంగతి. మనం కూడా పలక పెట్టుకొన్నవాళ్ళమే. గోడమీద బుద్ధుని చిత్రం, బాబాసాహెబ్ చిత్రం, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన చేయించిన 22 ప్రతిజ్ఞలు ఉన్నాయి. ఆ పలక చూసి, ఎన్నో చోట్ల చిన్నబుచ్చబడిన మనిషి ఒకడు లోపలికి వస్తాడు. లోపల అతనికి ఏమి దొరుకుతున్నది? నీదే ఉపకులమని అడిగే గొంతు వినబడుతున్నదా? పెళ్ళి మాట వచ్చేసరికి పాత గీతలే కనబడుతున్నాయా? చందా ఇవ్వలేనివాడు వెనుక వరుసలోనే కూర్చుంటున్నాడా? అలాగైతే, బజారు దుకాణం అతని డబ్బు మాత్రమే తీసుకొన్నది. మనం అతని చివరి ఆశను తీసుకొన్నవాళ్ళం అవుతాం.

అమరావతి స్తూపానికి దానాలిచ్చినవారిలో వర్తకులున్నారు, గృహిణులున్నారు, భిక్షుణులున్నారు. వారితోపాటు విధికుడనే చర్మకారుడున్నాడు. నాగుడనే ఉపాధ్యాయుని కుమారుడు. తల్లి, భార్య, సోదరులు, బిడ్డలతో కలిసి అతడు ఇచ్చిన శిలాఫలకం మీద చెక్కినది పూర్ణఘటం. నోటిదాకా నిండి, పూలు పొంగి వచ్చే కుండ అది. పైకి కనబడేది లోపల ఉన్నదే. మన బతుకుతెరువూ, మన మాటా, మన విహారమూ ఆ కుండ వలె ఉండాలని కోరుకొంటూ సెలవు తీసుకొంటున్నాను.

నమో బుద్ధాయ. జై భీమ్.